చేతులు మారిన గుండీలు

మా బాబాయి మంచివాడు. ఈ మాట నేను మెచ్చుకుంటూ అనడం లేదు, పళ్ళు నూరుతూ అంటున్నాను. చెడ్డవాళ్ళతో ఎలాగో వేగొచ్చు. వాళ్ళు ఎక్కడ ఏం చేస్తారో మనకి ముందే ఒక అంచనా ఉంటుంది. మంచివాళ్ళు అలా కాదు. నవ్వుతూ వచ్చి, భుజం తట్టి, మన కొంప ముంచి, "భోంచేశావా అమ్మడూ?" అని అడిగి మరీ వెళతారు.

బాబాయి పెరోల్ ఆఫీసరు. శిక్ష పూర్తి కాకముందే, నడవడిక చూసి, కొన్ని షరతుల మీద జైలు నుంచి వదిలినవాళ్ళని కనిపెట్టుకుని ఉండటం ఆయన పని. ఆ షరతుల్లో అసలైనది హాజరు. ప్రతి మంగళవారం పొద్దున ఆఫీసుకొచ్చి, వరసలో నిలబడి, తన ఆఫీసరుకి మొహం చూపించి, యంత్రం మీద వేలు పెట్టి పోవాలి. మూడుసార్లు రాకపోతే పెరోల్ బోర్డు ముందు విచారణ. బోర్డువాళ్ళు సరే అనుకుంటే మళ్ళీ లోపలికే.

నేను అదే శాఖలో లెక్కలు చూసే మనిషిని. గుమ్మం మీద 'పరిశోధన విభాగం' అని రాశారు గానీ లోపల ఉన్నది నేనూ, ఒక కంప్యూటరూ, కిర్రుమనే ఒక కుర్చీ. అమ్మానాన్న పోయాక నన్ను పెంచింది బాబాయీ పిన్నీ. ఆఫీసులో ఆయన్ని ఏమని పిలవాలన్న తకరారు మొదట్లో ఉండేది. ఇప్పుడు కుదిరిపోయింది. మామూలుగా బాబాయ్ అంటాను, కోపమొస్తే సార్ అంటాను. నేను సార్ అన్నానంటే పక్క గదుల్లోవాళ్ళు తలుపులు దగ్గరగా వేసుకుంటారు.

సరే, అసలు సంగతి. హాజరు తప్పేది ఎవరు? చెడు తిరుగుళ్ళు మళ్ళీ మొదలెట్టినవాళ్ళని మా శాఖ నమ్మకం. నేను పాత లెక్కలన్నీ తిరగేసి చూస్తే, తప్పినవాళ్ళలో ఎక్కువమంది పనిలో కుదురుకున్నవాళ్ళే. మరి పని లేనివాడికి మంగళవారం పొద్దున ఏం తొందర? తీరిగ్గా వస్తాడు, వరసలో నాలుగు కబుర్లు చెప్పుకుంటాడు, వేలు పెట్టి పోతాడు. పని దొరికినవాడికే చిక్కంతా. యజమాని ఒకవారం ఊరుకుంటాడు, రెండోవారం గొణుగుతాడు, మూడోవారం "నువ్వు ఇంకెక్కడైనా చూసుకో" అంటాడు. అంటే బుద్ధిగా పని చేసుకోమని వదిలిపెట్టి, పని చేసుకున్నందుకు మళ్ళీ లోపలేస్తున్నామన్నమాట. ఇది తేలిన రోజు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డైరెక్టరుగారి గదిలోకి దూసుకుపోయి, సాయంత్రంపూట ఫోను చేసి హాజరు చెప్పే పద్ధతి పెట్టండి మహాప్రభో అన్నాను.

"ఫోనులో చెబితే వీళ్ళు అదుపులో ఉంటారని రుజువేంటమ్మా?" అన్నారాయన.

"చూపిస్తాను" అన్నాను. నా నోరు ఊరుకోదు.

పద్ధతి చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేదే. సగంమంది ఫోను చెయ్యాలి, సగంమంది పాత పద్ధతిలో రావాలి. ఎవరు ఏ సగమన్నది మాత్రం ఎవరి ఇష్టం మీదా ఉండకూడదు. అప్పుడే పనున్నవాళ్ళూ లేనివాళ్ళూ, నెమ్మదస్తులూ తిక్కవాళ్ళూ రెండు వైపులా సమంగా కలిసిపోతారు. చివరికి తేడా అంటూ వస్తే అది ఫోను వల్లే వచ్చిందని చెప్పగలం. దర్జీ దగ్గర ఒకే సైజు గుండీలు తెచ్చాను, కొన్ని పచ్చవి, కొన్ని తెల్లవి. పెద్ద జాడీలో పోసి కలిపాను. ఒక్కొక్కడూ వచ్చి చెయ్యి పెట్టి ఒక గుండీ తీసుకోవాలి. పచ్చదొస్తే ఫోను, తెల్లదొస్తే వరస. గుండీ ఏదొస్తే అదే అతని షరతని బోర్డు కూడా ఉత్తర్వు ఇచ్చింది.

ఒక్కచోట నా మాట చెల్లలేదు. ఎవరికి ఏ గుండీ వచ్చిందో జాడీ పక్కనే కూర్చుని నేనే కంప్యూటర్లో ఎక్కిస్తానన్నాను. "మన ఆఫీసర్లు నొచ్చుకుంటారమ్మా. వాళ్ళ మనుషుల్ని వాళ్ళే ఎక్కించుకోనీ" అన్నారు డైరెక్టరుగారు. దాంతో గుండీ తీసినవాడు దాన్ని గుప్పిట్లో పట్టుకుని, కారిడారు దాటి తన ఆఫీసరు గదికి వెళ్ళేవాడు. జరిగిందంతా ఆ కారిడార్లోనే జరిగింది.

కొన్ని నెలలకి లెక్క తీశాను. తీసి, నోరు వెళ్ళబెట్టాను. ఫోనువాళ్ళే అధ్వాన్నంగా ఉన్నారు! తాగి గొడవపడిందీ వాళ్ళే, ఇల్లు మారి చిరునామా చెప్పకుండా పోయిందీ వాళ్ళే. డైరెక్టరుగారి మొహం మతాబాలా వెలిగింది. "నేను చెప్పలా? నెలాఖరుకి ఈ ఫోను తతంగం ఆపేద్దాం" అన్నారు. నాకు తల తీసేసినట్టయింది. రెండు పూటలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇది మా ఆఫీసు చరిత్రలో రికార్డు.

తర్వాత మొదటినుంచీ మళ్ళీ చూశాను. ఎవరికి ఏమైందో కాదు, మొదట్లో ఎవరు ఏ వైపు ఉన్నారో చూశాను. మా బాబాయి మనుషుల్లో ఫోను వైపు ఉన్నవాళ్ళంతా కష్టాల పుట్టలు. రోగిష్టి తల్లి ఉన్నవాడు, పని దొరకనివాడు, పిల్లాడి కాలు బాగుచేయించుకోలేనివాడు. వరస వైపు చూస్తే అందరూ కుదురైనవాళ్ళు, చేతిలో పని ఉన్నవాళ్ళు. గుండీకి జాలి ఉండదు. మధ్యలో జాలి ఉన్న చెయ్యేదో తగిలింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగేశాను.

"బాబాయ్, గుండీలు మార్చావా?"

"ఆఁ, మార్చాను" అన్నాడు ఆయన, ఉప్పు అందుకుంటూ. దాపరికం లేదు, సిగ్గు లేదు. పైగా కళ్ళలో మెరుపు. "పెయింటరు లేడూ, వాడికి తెల్లది వచ్చింది. తల్లి మంచంలో ఉంది. ప్రతి మంగళవారం ఆవిణ్ణి ఎవరి మీద వదిలి వస్తాడు? బేకరీలో పొయ్యి చూసే రొట్టెల మాస్టరుకేమో పచ్చది వచ్చింది. వాడికేం, ఒంటికాయ శొంఠికొమ్ము. ఎప్పుడు రమ్మన్నా వస్తాడు. 'ఏమయ్యా, నీది వాడికిచ్చేస్తావా?' అన్నాను. మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు. బంగారంలాంటి మనిషి!"

"ఇలా ఎంతమందివి?"

"కాస్త అవసరం ఉన్నవాళ్ళవి. కళ్ళున్నవాడెవడైనా అదే చేస్తాడే."

"కళ్ళు చూడకూడదనే కదా సార్ గుండీలు పెట్టింది!"

సార్ అనేసరికి పిన్ని కూర గిన్నె కిందపెట్టి ఇద్దరివంకా చూసింది. "ఆయనకి కళ్ళెక్కడున్నాయే, కళ్ళద్దాలు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంటే" అంది, గొడవ చల్లార్చడానికి. నేను చల్లారలేదు.

"బుధవారం రొట్టెల మాస్టరుకి విచారణ. గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు? నేను మాట్లాడతానుగా. మంచివాడని బోర్డుకి చెబుతాను."

"మూడుసార్లు రాలేదని బోర్డుకి పంపిందెవరు?"

"నేనే. పంపక ఎలా? నియమం కదా."

"అతనికొచ్చింది పచ్చ గుండీ. అతను అసలు రావక్కర్లేదు. రావక్కర్లేనివాడు రాలేదని పంపావు బాబాయ్! ఇంకా నాలుగేళ్ళ శిక్ష మిగిలి ఉందతనికి."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆ మొహం చూసి నా ప్రాణం ఉసూరుమంది గానీ, ఊరుకునే ఘడియ కాదది. నువ్వు నోరు విప్పకపోతే నేను విప్పుతానని చెప్పి లేచిపోయాను. ఆయన వచ్చే ఏడాది ఉద్యోగం నుంచి దిగిపోవలసినవాడు. ఈ మాట బయటికొస్తే అంతదాకా ఉంచరని మా ముగ్గురికీ తెలుసు.

సోమవారం రొట్టెల దుకాణానికి వెళ్ళాను. వెనకవైపు గదిలో పెద్ద పొయ్యి, దానికెదురుగా పిండి చల్లిన బల్ల. మాస్టరు మోచేతుల దాకా పిండితో ఉన్నాడు. ముద్దల్ని తుంచి, గుండ్రంగా తిప్పి, పళ్ళేల్లో వరసగా పెడుతున్నాడు. మాట్లాడుతున్నా చెయ్యి ఆగడం లేదు.

"బుధవారం అక్కడ నిజం చెప్పండి మాస్టరుగారూ. నాకు పచ్చదొచ్చిందని చెప్పండి చాలు."

"ఎందుకమ్మా అదంతా" అన్నాడు. "ప్రతి మంగళవారం వెళ్దామనే అనుకుంటాను. వరస కదిలేసరికి మధ్యాహ్నమవుతుంది. ఇక్కడేమో పిండి పొంగి కూర్చుంటుంది, అది నాకోసం ఆగదు కదా. పొయ్యి చూసే రెండో మనిషి మానేశాక మరీ కష్టమైంది. తప్పు నాదే."

"తప్పు మీది కాదయ్యా బాబూ! మీరు లోపలికి పోతారు, తెలుస్తోందా?"

"తెలుసమ్మా." పళ్ళెం పక్కకి జరిపాడు. "నేను నిజం చెప్పాననుకోండి, అప్పుడు పెయింటరుది తెల్లదవుతుంది. ఇన్నాళ్ళూ రాలేదని వాణ్ణి పట్టుకుంటారు. నేను పోతే ఈ పొయ్యి దగ్గర ఇంకొకడు నిలబడతాడు. వాడు పోతే ఆ ముసలమ్మ దగ్గర ఎవరు నిలబడతారు? పైగా సారు మీదికొస్తుంది. నాతో ఏమయ్యా అని మనిషిలా మాట్లాడిన ఆఫీసరు ఆయనొక్కడే. ఈ రొట్టె తీసుకెళ్ళండి, వేడిగా ఉంది."

ఏం చెయ్యను? రొట్టె తీసుకుని తిట్టుకుంటూ వచ్చాను. దారిలోనే సగం తినేశాను. అంత బాగుంది, అది ఇంకా కోపం.

బుధవారం బోర్డు గదిలో బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని మూలన కూర్చున్నాడు. ఇంట్లో మూడురోజులుగా మౌనవ్రతం. ఆయన చెబుతాడో లేదో నాకు తెలియదు. అధ్యక్షురాలు ఒకప్పుడు జడ్జీగా చేసినావిడ. నోట్లో దగ్గు బిళ్ళ చప్పరిస్తూ, మాట తేలిపోనివ్వకుండా అడిగే మనిషి.

"మూడు మంగళవారాలు రాలేదు. నిజమేనా?"

"నిజమేనండీ" అన్నాడు మాస్టరు.

"కారణం?"

"పనుండి రాలేకపోయానండీ."

"నియమం తెలుసు కదా?"

"తెలుసండీ."

"మీ తరఫున మీరు చెప్పుకోవలసిందేమైనా ఉందా?"

మాస్టరు బాబాయి వైపు చూడలేదు. కిటికీ వైపూ చూడలేదు, నేల వైపూ చూడలేదు. ఆవిడ మొహంలోకే చూసి, "లేదండీ" అన్నాడు. ఆవిడ నిట్టూర్చి కలం తీసింది. నేను లేచాను. నా కుర్చీ చప్పుడుకంటే ముందు ఇంకో కుర్చీ చప్పుడైంది.

"మేడమ్, అతను రావక్కర్లేదు" అన్నాడు బాబాయి. "అతనికొచ్చింది పచ్చ గుండీ. నేనే అడిగి తీసుకుని ఇంకొకరికిచ్చాను. మీ ఉత్తర్వు ప్రకారం ఇతను ఒక్కసారి కూడా హాజరు తప్పలేదు. తప్పింది నేను."

అధ్యక్షురాలు మాస్టరు వైపు తిరిగింది. "నిజమేనా?" మాస్టరు నీళ్ళు నమిలాడు. "ఏమయ్యా, నిజం చెప్పు" అన్నాడు బాబాయి. "నిజమేనండీ" అన్నాడు మాస్టరు, ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు.

"అయితే ఆ గుండీ తీసుకున్న మనిషి రావలసినవాడై ఉండి ఇన్నాళ్ళూ రాలేదన్నమాట."

మాస్టరు ఒక్క ఉదుటున లేచాడు. "అమ్మా, వాడి తప్పేం లేదమ్మా, వాళ్ళమ్మకి..."

"కూర్చోవయ్యా!" అందావిడ. "ఆఫీసరు రానక్కర్లేదంటే రానివాడిది తప్పెలా అవుతుంది? ఇక్కడ తప్పు చేసినాయన ఒకరే, ఆయన నిలబడే ఉన్నారు." తర్వాత కలం మూత పెట్టింది. మాస్టరు ఇంటికి పోవచ్చని చెప్పింది. హాజరు ఇకనుంచి ఫోనులోనే.

నాకు గంతులెయ్యాలనిపించింది. బాబాయి కూడా గుండెల మీది బరువు దించుకున్నవాడిలా నవ్వబోతున్నాడు. అంతలో ఆవిడ అడిగింది.

"ఇంకెవరివి మార్చారు?"

బాబాయి వేళ్ళు మడుస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. పచ్చది ఇచ్చేసినవాళ్ళ పేర్లు. ట్రక్కు డ్రైవరు, బాగానే ఉన్నాడు. తోటమాలి, బాగానే ఉన్నాడు. మూడో వేలు మడిచి ఆగిపోయాడు. "వెల్డరు" అన్నాడు.

"ఆయనెక్కడున్నారు?"

"లోపల" అన్నాడు బాబాయి. "హాజరు తప్పాడని నా బదులు చూసినాయన బోర్డుకి పంపారు. అప్పుడు నేను సెలవులో ఉన్నాను, మా ఆవిడకి కంటి ఆపరేషను. తిరిగొచ్చాక చెప్పారు. అయ్యో పాపం అనుకున్నాను. నేను... నేను అయ్యో పాపం అనుకున్నాను మేడమ్."

మడిచిన మూడో వేలు అలాగే పట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయాడు.

ఆ తర్వాత ఆఫీసులో జరిగింది వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. బాబాయిని పక్కనపెట్టారని తెలిసిన మర్నాడు ఒక ఆఫీసరుగారు నా గదికొచ్చి, తలుపు వేసి, "మా దగ్గర కూడా ఒకటో రెండో అటూ ఇటూ అయ్యాయమ్మా" అన్నారు. ఆయన వెళ్ళగానే ఇంకొకావిడ. ఆవిడ వెళ్ళగానే ఇంకొకాయన, చేతిలో టీ కప్పుతో, ఊరికే పలకరించడానికొచ్చినట్టు. అందరూ మంచివాళ్ళే! ఇంతమంది దయామయుల మధ్య నేనొక్కదాన్నే రాక్షసినని అప్పుడు తెలిసింది. డైరెక్టరుగారు ఫోను పద్ధతి ఆపడం ఆపి, మళ్ళీ మొదటినుంచీ చెయ్యమన్నారు. ఈసారి జాడీ పక్కన నేనే కూర్చుంటున్నాను, గుండీ జాడీలోంచి వచ్చీ రాగానే పేరు ఎక్కించేస్తున్నాను. ఫలితం ఎలా వస్తుందో నాకు తెలియదు. నేననుకున్నట్టు రాకపోవచ్చు కూడా. వచ్చిందేదో నిజమై ఉంటుంది, అది చాలు.

వెల్డరుని వదిలిపెట్టమని ఉత్తర్వు వచ్చిన రోజు బాబాయి తెల్లవారకముందే లేచి గడ్డం గీసుకున్నాడట. ఆయన ఒక్కడూ వెళ్ళగలడని నాకు నమ్మకం లేక నేనూ వెళ్ళాను. జైలు గేటు ఎదురుగా బస్సుస్టాపు బెంచీ మీద కూర్చున్నాం. ఏం చెప్పాలో ఆయన దారంతా వల్లెవేస్తూనే ఉన్నాడు. చిన్న తలుపు తెరుచుకుంది. వెల్డరు ఒక సంచీ భుజానికి తగిలించుకుని బయటికొచ్చాడు. పొడుగాటి మనిషి, కాస్త వంగాడు. బాబాయిని చూసి నవ్వాడు.

"నమస్తే సార్. మీరొచ్చారేంటి సార్?"

వల్లెవేసిందంతా ఎగిరిపోయింది బాబాయికి. "నావల్లే నువ్వు... నీ గుండీ నేనే కదయ్యా అడిగాను..." అంటూ తడబడ్డాడు. "మరి నువ్వెందుకు చెప్పలేదయ్యా? నాకు పచ్చది వచ్చిందని బోర్డులో ఒక్కమాట చెబితే పోయేది కదా!"

"చెప్పాను సార్" అన్నాడు వెల్డరు. "ఆ రోజు అధ్యక్షురాలు రాలేదు, ఆవిడ బదులు నన్ను విచారించినాయన నవ్వారు. పచ్చదొచ్చినవాడు దాన్ని ఇంకొకడికి ఇస్తాడా, కథలు చెప్పకు అన్నారు. నాకూ నిజమే అనిపించింది సార్. ఎవరు నమ్ముతారు?"

వెల్డరు సంచీ ఇంకో భుజానికి మార్చుకున్నాడు. వర్క్‌షాపువాళ్ళు తన చోట వేరేవాణ్ణి పెట్టుకున్నారని లోపల ఉండగానే తెలిసిందట. మళ్ళీ ఎక్కడైనా చూసుకోవాలన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు.

"అది సరేగానీ సార్, నా గుండీ తీసుకున్నతని పిల్లాడు... కాలికి ఆపరేషను అన్నారు, అయిందా?"

"అయిందయ్యా" అన్నాడు బాబాయి. "నడుస్తున్నాడు."

"నడుస్తున్నాడా? అయితే ఫర్వాలేదు లెండి సార్."

బాబాయి బెంచీ మీద కూలబడి, రెండు చేతుల్తో మొహం కప్పుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే చూడటం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియలేదు. "ఫర్వాలేదేంటండీ, ఫర్వాలేదంటారేంటి!" అని ఆ పెద్దమనిషి మీద నడివీధిలో అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. వెల్డరు కంగారుపడి, ముందు బాబాయి పక్కన కూర్చోవాలో నన్ను ఊరుకోబెట్టాలో తెలియక, మా ఇద్దరి మధ్యా సంచీతో అలాగే నిలబడిపోయాడు.